మాట తెగనంత మెల్లగా

మొదటి రోజు లాకుల దాకా కూడా కాదు,
ఐసు ఫ్యాక్టరీ గోడ సగానికే
నా గుండె వచ్చి గొంతులో కూర్చుంది.
కట్టేసిన కాలవలో, మిగిలిన మడుగులో
బాతులు నాకంటే ముందున్నాయి.
వాటికీ తొందర లేదు.

"ఎవరు తరుముతున్నారే నిన్ను?"
అంది మరియకుమారి.
మా సబ్‌సెంటరు నర్సు, మార్టేరులో
సగం మంది జబ్బకి సూది గుచ్చిన మనిషి.
"మాట్లాడుతూ పరిగెత్తు తాయారూ.
మాట తెగిందా, ఎక్కువైనట్టే.
తగ్గించు. ఇంకా తగ్గించు.
పాలవాడి సైకిలు దాటిపోతే పోనీ."

సరేనని మొదలుపెట్టాను.
"నా కొట్లో ఒక నీలం జాకెట్టు ఉందండీ…"
అంతే. ఊపిరి దారంలా తెగింది.
మిగతాది నడుస్తూ కూడా చెప్పలేదు.

ఇరవై రెండేళ్లు కుట్టుమిషను తొక్కిన కాళ్లివి.
లెక్క కడితే ఈపాటికి కాశీ దాటిపోయుండాలి.
కదిలింది మాత్రం గుడ్డొక్కటే.

మావాడు ఫోనులో ఏదో పెట్టిచ్చాడు,
ఎంత దూరమో ఎంత వేగమో అదే చెబుతుందట.
మూడు రోజులు అది నన్ను తిట్టింది.
నాలుగో రోజు దాన్ని
కత్తెరా టేపూ ఉండే సొరుగులో పడేసి వచ్చాను.
పొద్దస్తమానం కొలతలే నా బతుకు,
ఛాతీ ముప్పై ఎనిమిది, భుజం పద్నాలుగు.
తెల్లారగట్ల ఈ అరగంటైనా
నన్నెవరూ కొలవకుండా ఉండనీ.

జ్యేష్ఠంలో నీళ్లు వదిలారు.
వస్తున్నాయంటే గట్టెక్కి చూశాను.
పరుగున రాలేదు.
ఎండిన అడుగుని తడుముకుంటూ,
ప్లాస్టిక్ సీసాల్నీ గుర్రపుడెక్కనీ పలకరిస్తూ,
ఒక్కో పగులూ నిండాకే ఇంకో జానెడు.
మా నేలకి వాలు లేదు మరి.
శివారు చేను తడిసేసరికి పద్దెనిమిది రోజులు.
"నీటికి తొందరెక్కువైతే గట్టు తెగుద్దండి, ఆయ్,"
అన్నాడు లస్కరు సూరన్న, బీడీ ఆర్పకుండా.

ఆ తర్వాత చేలల్లో దమ్ములు.
ఇనప చక్రాల ట్రాక్టరు ఏ ఊరూ పోదు,
అదే మడి, అదే బురద,
తిరిగిన చోటే తిరుగుతుంది, వెనకాల కొంగలు.
సాయంత్రానికి చేను అద్దమైపోతుంది.
దమ్మంటే ఊపిరి కూడానని
నలభై ఏడేళ్లొచ్చాక
నా ఒంటికి తెలిసింది.

శ్రావణం పెళ్లిళ్లలో పన్నెండు రోజులు మిషను దిగలేదు.
మళ్లీ వెళితే
అదే ఐసు ఫ్యాక్టరీ గోడ, అదే గొంతులో గుండె.
మరియకుమారి ఏమీ అనలేదు.
తనూ తగ్గించింది.

కార్తీకంలో, మంచులో,
లాకులు ఎప్పుడు దాటామో నాకు గుర్తులేదు.
నేను చెబుతూ ఉన్నాను:
"నీలం జాకెట్టు రత్నావళిదండీ.
రొయ్యల షెడ్డులో తలలు తీసేది.
రెండుసార్లొచ్చి అడిగింది, రేపన్నాను.
మూడోసారి రాలేదు. షెడ్డు వ్యాను బోల్తాపడింది.
అప్పట్నుంచీ ఎవరి గుడ్డా
నా కొట్లో రాత్రి నిద్ర చేయనివ్వను.
అన్నం నిలబడి తింటాను.
ఆలస్యమంటే ఒళ్లు వణుకుద్దండీ నాకు."

మాట తెగలేదు.
నడుమ ఎక్కడో ఏడుపొచ్చింది.
దానికీ ఊపిరి సరిపోయింది.

చాలాసేపు మా చెప్పుల చప్పుడే.
మావాడి పాత బూట్లు నావి,
ఆవిడవి ఆస్పత్రి తెల్ల జోళ్లు.
"హుక్కులు కుట్టావా?" అంది చివరికి.

లేదండి. హుక్కులే మిగిలాయి.

అవతలి గట్టున దింపు మొదలైంది.
ఒక్కో కొబ్బరికాయా నీళ్లలో పడుతోంది,
మునిగి,
తీరిగ్గా పైకి తేలుతోంది.
మేమింకా ఆగలేదు.